నా ఒక్కరికా? అందరికీనా?

పిల్లలూ! ముందుగా ఒక సంగతి చెబుతాను. అందులో తప్పు నాదే కాబట్టి ఎవరినీ నొప్పించే భయం లేదు.

ఆ మధ్య తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి జిల్లా సైన్స్ ఫెయిర్ కోసం ప్రాజెక్టు తయారు చేసింది. ఊళ్లోని అయిదు బోరుబావుల నీళ్లు తెచ్చి, ఏ నీటిలో సబ్బు ఎంత నురగ ఇస్తుందో కొలిచి, నీటి కఠినత్వాన్ని పోల్చి చూపే ప్రాజెక్టు అది. వివరణ పత్రాలు ఆరు పేజీలు. బడిలోని కంప్యూటరు గదిలో మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చుని, పది రోజులపాటు తనే తెలుగులో టైపు చేసుకుంది. అక్షరాలు ముచ్చటగా కనిపించాలని వాళ్ల అన్న దగ్గర నుంచి ఒక ఫాంటు కూడా తెచ్చుకుని, కంప్యూటరులో తన లాగిన్‌లోనే ఎక్కించుకుంది.

ఫెయిర్ రోజున ఏడున్నరకు బస్సు. ప్రింటరు నా లాగిన్‌లోనే పనిచేస్తుంది కనుక ఆ అమ్మాయి ముందురోజు సాయంత్రమే ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి నాకు ఇచ్చింది. నేను పొద్దున్నే ఆరున్నరకు వెళ్లి, ఆమె టైపు చేసిన అదే కంప్యూటరు ముందు కూర్చుని, నా పేరుతో లాగిన్ అయి ఫైలు తెరిచాను. తెర మీద తెలుగు లేదు. కామాలు, బ్రాకెట్లు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు ఆరు పేజీల నిండా బారులు తీరి ఉన్నాయి.

యంత్రం అదే. ఫైలు అదే. మరి నిన్నటి తెలుగు ఏమయింది? నేను వెంటనే "వైరస్" అనేశాను. కంప్యూటరులో ఏది అర్థం కాకపోయినా వైరస్ అనడం మా తరం వాళ్లకు అలవాటు! పావుగంట పోయాక ఆ అమ్మాయే వచ్చి, "సార్, నా లాగిన్‌లో ఒకసారి తెరవనా?" అంది. తెరిచింది. ఆరు పేజీలూ చక్కటి తెలుగులో కనిపించాయి. అక్కడే ఫైలును పి.డి.ఎఫ్. గా మార్చింది. అలా మార్చినప్పుడు ఫాంటు అక్షర రూపాలు కూడా ఫైలు లోపలే చేరతాయి. ఆ కొత్త ఫైలును నా లాగిన్‌లో ప్రింటు తీసి, బస్సు కదిలే వేళకు చేతికి ఇచ్చాను.

అసలు జరిగింది ఏమిటి? ఆమె ఫాంటును తన ఒక్కదాని కోసం ఎక్కించుకుంది. నా లాగిన్‌కు ఆ ఫాంటు ఉన్నట్లే తెలియదు. పైగా అది పాత పద్ధతి ఫాంటు. ఈ రోజు మనం ఫోనులో వాడే యూనికోడ్ పద్ధతిలో 'క' అనే అక్షరానికి 3093 అని సొంత సంఖ్య ఉంది. దాన్ని ఏ ఫాంటుతో చూసినా అది 'క'యే. పాత ఫాంట్లలో అలా కాదు. ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. వాటికి తెలుగు రూపం తొడిగే పని ఫాంటుది. ఫాంటు లేకపోతే తొడుగు ఊడిపోయి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది.

ఫాంటే కాదు, ఆట అయినా, బొమ్మలు గీసే ప్రోగ్రామైనా, ఏది ఎక్కించినా ఈ ప్రశ్న వస్తుంది: ఇది నా ఒక్కరికా, ఈ కంప్యూటరు వాడే అందరికీనా? పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్‌ను విండోస్ కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఈ ప్రశ్న తెర మీద నేరుగానే అడుగుతుంది. మనం చదవకుండా 'నెక్స్ట్' మీద నొక్కేస్తాం. ఈసారి ఆగి చదువుదాం.

హాస్టలులో ఉండి చదువుకునే పిల్లలకు ఇది తేలిగ్గా బోధపడుతుంది. హాస్టలులో ప్రతి ఒక్కరికీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. దానికి తాళం ఉంటుంది. అందులో పచ్చడి సీసా పెట్టుకోవాలన్నా, కొత్త పెన్ను పెట్టుకోవాలన్నా వార్డెనుగారిని అడగనక్కర లేదు. అదే హాలులో అందరూ వాడే క్యారంబోర్డు ఉందనుకోండి. ఆడుకోవడానికి అందరికీ హక్కు ఉంది. దాన్ని మార్చడానికో, తీసుకుపోవడానికో మాత్రం వార్డెనుగారి అనుమతి కావాలి. కంప్యూటరు డిస్కులో కూడా ఇలాగే రెండు రకాల చోట్లు ఉన్నాయి.

విండోస్‌లో అందరి ప్రోగ్రాములూ ఉండే చోటు సీ డ్రైవులోని 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరు. ఒక్కొక్కరి పెట్టె 'యూజర్స్' అనే ఫోల్డరులో ఆ మనిషి పేరుతో ఉంటుంది. దాని లోపల 'యాప్‌డేటా' అని ఒక ఫోల్డరు మామూలుగా కంటికి కనపడకుండా ఉంటుంది. నా ఒక్కరికే అని ఎక్కించుకున్న ప్రోగ్రాములు చాలావరకు అక్కడ చేరతాయి. లినక్స్‌లో అందరి ప్రోగ్రాములూ 'యుఎస్ఆర్' అనే ఫోల్డరు కింద, ఒక్కొక్కరి పెట్టెలు 'హోమ్' అనే ఫోల్డరు కింద ఉంటాయి.

ఈ 'యుఎస్ఆర్' పేరు వెనుక చిన్న కథ ఉంది. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. తొలిరోజుల్లో 'యుఎస్ఆర్' అంటే యూజర్లు, అనగా వాడేవారి సొంత పెట్టెలు ఉండే చోటే! ప్రోగ్రాములు పెరిగి మొదటి డిస్కులో చోటు చాలక, మిగిలినవాటిని వాడేవారి డిస్కులోకి జరిపారు. అలా జరిపినవి అక్కడే స్థిరపడ్డాయి. చివరకు మనుషుల పెట్టెలే వేరే చోటికి వెళ్లాయి. అద్దెకు వచ్చినవారు ఉండిపోయి ఇంటివారు ఖాళీ చేసినట్లయింది! పేరు మాత్రం ఈనాటికీ అదే.

అంతకు ముందు మాటేమిటి? ఒక కంప్యూటరును ఒకే సమయంలో అనేకమంది పంచుకునే పద్ధతిని 1961లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం చేసి చూపింది. ఆ వ్యవస్థకు సి.టి.ఎస్.ఎస్. అని పేరు. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలి కనుక అందులో ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు పెట్టారు. 1960లలో అక్కడ జరిగిన ఒక పొరపాటును కోర్బాటో, తనకు 1990 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం వచ్చిన సందర్భంలో చేసిన ప్రసంగంలో చెప్పారు. మన విషయానికి అది అతికినట్లు సరిపోతుంది.

లాగిన్ కాగానే అందరికీ ఆనాటి ప్రకటన ఒకటి కనిపించేది. ఒకరోజు ఒక నిర్వాహకుడు ఆ ప్రకటనను దిద్దుతున్నాడు. అదే సమయంలో మరో నిర్వాహకుడు పాస్‌వర్డుల పట్టికను దిద్దుతున్నాడు. ఇద్దరూ వాడుతున్నది ఒకే ఎడిటరు ప్రోగ్రాము. అందులో తప్పు లేదు. అయితే ఆ ఎడిటరు పని జరుగుతుండగా రాసుకునే చిత్తు ఫైలుకు ఎప్పుడూ ఒకటే పేరు పెట్టేది. ఒక్కో ఫోల్డరులో ఒక్కరే పనిచేస్తారు అనే నమ్మకంతో దాన్ని తయారు చేశారు. ఈ నిర్వాహకులు ఇద్దరూ ఒకే ఫోల్డరులో ఉన్నారు! ఒకరి చిత్తు మరొకరి చిత్తుతో తారుమారయింది. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి.

గమనించారా? ప్రోగ్రాము ఉమ్మడిగా ఉండవచ్చు. అది రాసుకునే చిత్తు కాగితం మాత్రం ఎవరిది వారికే ఉండాలి. అందుకే ఈనాడు ఒక ప్రోగ్రామును అందరికీ అని ఎక్కించినా, దాన్ని వాడేటప్పుడు మీరు చేసుకున్న అమరికలు, అక్షరాల సైజు, చివరిసారి తెరిచిన ఫైళ్ల జాబితా మొదలైనవన్నీ మీ సొంత పెట్టెలోకే వెళతాయి. విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీ అనే పుస్తకంలో కూడా యంత్రానికంతటికీ ఒక భాగం, లాగిన్ అయి ఉన్న మనిషికి ఒక భాగం వేరువేరుగా ఉంటాయి.

ఇప్పుడు అసలు కీలకానికి వద్దాం. రెండు చోట్లకూ తేడా ఏమిటి? రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. మధ్యలో గోడ లేదు. తేడా అంతా రాసే హక్కులో ఉంది. ఉమ్మడి చోట ఉన్నదాన్ని అందరూ చదవవచ్చు, నడపవచ్చు. మార్చగలవాడు మాత్రం నిర్వాహకుడు ఒక్కడే. మీ సొంత చోట ఆ హక్కు మీకుంది.

యూనిక్స్, లినక్స్ వ్యవస్థలు ఈ హక్కులను చాలా తమాషాగా అంకెలతో రాస్తాయి. చదివే హక్కుకు 4, రాసే హక్కుకు 2, నడిపే హక్కుకు 1. ఉన్న హక్కుల అంకెలను కూడాలి. చదవడం, రాయడం, నడపడం మూడూ ఉంటే 4+2+1=7. చదవడం, నడపడం మాత్రమే ఉంటే 4+1=5. ఏదీ లేకపోతే 0. వీటికి 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఎందుకు పెట్టలేదు? అలా పెడితే 3 అన్నప్పుడు అది మూడో హక్కు ఒక్కటేనా, మొదటి రెండూ కలిసినవా అనే సందేహం వస్తుంది. 1, 2, 4 లను ఎలా కలిపినా ఒకే మొత్తం రెండుసార్లు రాదు. కాగితం మీద ఎనిమిది రకాలుగానూ కూడి చూడండి. 0 నుంచి 7 వరకు ఒక్కొక్కటీ ఒక్కసారే వస్తుంది. మీ లెక్కల పుస్తకంలో చెప్పే ద్విసంఖ్యామానం ఇదే.

ఇలాంటి అంకెలు ప్రతి ఫైలుకూ మూడు ఉంటాయి. మొదటిది ఫైలు యజమానికి, రెండోది ఒక జట్టుకు, మూడోది మిగిలిన లోకానికంతటికీ. లినక్స్‌లో అందరూ వాడే ప్రోగ్రాములకు సాధారణంగా 755 అని ఉంటుంది. వాటి యజమాని 'రూట్' అనే నిర్వాహకుడు. అతనికి 7, అంటే అన్ని హక్కులూ. మనందరికీ 5, అంటే చదువుకోండి, నడుపుకోండి, చెయ్యి మాత్రం పెట్టకండి అని అర్థం.

మనలను ఎందుకు నమ్మరు? నమ్మకపోవడం కాదు. అందరూ నడిపే ప్రోగ్రామును ఒకరు మారిస్తే, ఆ మార్పు తెలియకుండానే అందరి చేతా నడుస్తుంది. మీ నోటు పుస్తకంలో మీరు తప్పు రాసుకుంటే నష్టం మీ ఒక్కరికే. నల్లబల్ల మీద తప్పు రాస్తే నలభైమంది ఎక్కించుకుంటారు. (నల్లబల్ల మీద తప్పు రాసిన అనుభవం ఉంది కనుకనే చెబుతున్నాను!)

విండోస్ ఈ దారికి ఆలస్యంగా వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95లో ఫైళ్లకు ఇలాంటి కాపలా లేదు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడే రాజు. 1993లోనే వచ్చిన విండోస్ ఎన్.టి.లో కాపలా ఉన్నా, దాన్ని ఎక్కువగా ఆఫీసుల్లో వాడేవారు. 2001లో వచ్చిన ఎక్స్.పి.తో కాపలా ఇళ్లకూ చేరింది. అయితే దాన్ని ఎక్కించేటప్పుడు పెట్టుకున్న లాగిన్‌లు అన్నీ నిర్వాహకుడి లాగిన్‌లే అయ్యేవి. ఇంట్లో అందరికీ వార్డెను తాళంచెవి ఇచ్చినట్లన్నమాట. 2007లో అమ్మకానికి వచ్చిన విస్టాతో, అందరికీ సంబంధించిన మార్పు ఏదైనా చేయబోతే తెర మసకబారి "అనుమతిస్తారా?" అని అడగడం మొదలయింది. జనం విసుక్కున్నారు. నేనూ విసుక్కున్నాను. విసుగు ఎలా ఉన్నా, ఆ ప్రశ్న మాత్రం సరైనదే.

అనుమతి అడిగే ఈ బాధ తప్పించుకోవడానికి కొందరు ప్రోగ్రాము తయారీదారులు నేరుగా సొంత పెట్టె దారి పట్టారు. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ బ్రౌజరు నిర్వాహకుడిని అడగకుండానే వాడేవారి యాప్‌డేటాలో కూర్చునేది. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరుకు 2018 నుంచి ఒక్కరికి ఒక ఇన్‌స్టాలరు, అందరికీ ఒక ఇన్‌స్టాలరు వేరువేరుగా ఉన్నాయి. 2023లో వచ్చిన పైథాన్ 3.12 ఇన్‌స్టాలరులో మొదటి బొత్తాం నొక్కేస్తే పైథాన్ మీ ఒక్కరికే పడుతుంది. అందరికీ కావాలంటే లోపలి పేజీలోకి వెళ్లి ఆ గడిలో టిక్కు పెట్టాలి. అలా పెట్టని పైథాన్ మరునాడు తరగతిలో మిగతా లాగిన్‌లకు కనపడదు.

సరే, ఒక్కొక్కరూ తమ పెట్టెలోనే ఎక్కించుకుంటే పోలేదా? ఎవరినీ అడగనక్కర లేదు, ఎవరికీ నష్టం లేదు కదా? లెక్క వేద్దాం. ఒక ప్రోగ్రాము డిస్కులో 300 మెగాబైట్లు ఆక్రమిస్తుందనుకోండి. ఒకే కంప్యూటరు మీద వంతులవారీగా నలభైమందికి లాగిన్‌లు ఉన్నాయి. అందరికీ అని ఒకసారి ఎక్కిస్తే 300 మెగాబైట్లతో పోతుంది. నలభైమందీ ఎవరిది వారు ఎక్కించుకుంటే 300×40=12,000 మెగాబైట్లు. అంటే సుమారు 12 గిగాబైట్లు. అదీ ఒక్క ప్రోగ్రాముకు! బడికి వచ్చిన పాత కంప్యూటర్లలో ఇది చిన్న సంగతి కాదు.

చోటు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ప్రోగ్రాములలో లోపాలు బయటపడుతూ ఉంటాయి. వాటిని సరిదిద్దిన కొత్త ప్రతులు వస్తూ ఉంటాయి. ఉమ్మడి ప్రతి అయితే నిర్వాహకుడు ఒకసారి మారిస్తే అందరిదీ మారినట్లే. పెట్టెల్లో ఉన్న ప్రతులు అలా కాదు. మామూలుగా ఎవరి ప్రతి వారు లాగిన్ అయినప్పుడే కొత్తదవుతుంది. మార్చిలో పదో తరగతి పూర్తి చేసి వెళ్లిపోయిన కుర్రవాడి పెట్టెలో పాత ప్రతి పాత లోపాలతో అలాగే పడి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. నలభై ప్రతులలో ఏది ఏ వయసుదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుకని అన్నీ అందరికీ అనేద్దామా? ఫాంటు గొడవ తర్వాత నేను ఆ ఉత్సాహంతోనే రెండో తప్పు చేశాను. ఇక ఏది ఎక్కించినా అందరికీ ఎక్కించమని చెప్పి, చురుకైన పదో తరగతి కుర్రవాడికి నిర్వాహకుడి పాస్‌వర్డు ఇచ్చాను. వారం తిరగకుండా ఎనిమిదో తరగతి పిల్లలు వచ్చి, "సార్, స్క్రాచ్ కనపడటం లేదు" అన్నారు. పిలిచి అడిగితే ఆ అబ్బాయి ఏ సంకోచమూ లేకుండా, "డిస్కు నిండిపోయిందని చూపించింది సార్. మేం ఎవ్వరం వాడటం లేదు కదా అని తీసేశాను" అన్నాడు. 'మేం' అంటే పదో తరగతి! వాడి బుద్ధిలో దోషం లేదు. వాడి తరగతికి కనిపించిందే వాడు చూశాడు. అందరికీ ఎక్కించగల చెయ్యి అందరిదీ తీసేయగలదు కూడా. రెండూ ఒకే హక్కు. పాస్‌వర్డు ఆ సాయంత్రమే మార్చాను.

ఒకే ప్రోగ్రాము రెండు చోట్లా ఉంటే ఏది నడుస్తుందని మీకు సందేహం వచ్చే ఉంటుంది. మీరు ఆదేశాల కిటికీలో పైథాన్ అని టైపు చేస్తే, కంప్యూటరు ఆ పేరు గల ప్రోగ్రాము కోసం కొన్ని ఫోల్డర్లలో వరుసగా వెతుకుతుంది. ఆ వరుసకు 'పాత్' అని పేరు. ముందు కనిపించినదాన్నే నడుపుతుంది, మిగతావాటి జోలికి పోదు. విండోస్‌లో యంత్రం వరుస ముందు, మీ సొంత వరుస తర్వాత. అందుకే ఉమ్మడిగా పాత పైథాన్ ఉన్న కంప్యూటరులో మీరు మీ ఒక్కరికీ కొత్తది ఎక్కించుకున్నా, పేరు కొట్టగానే పాతదే పలకవచ్చు. ఉబుంటు లినక్స్‌లో ఇందుకు తలకిందులు. మీ పెట్టెలో సొంత ప్రోగ్రాముల ఫోల్డరు ఉంటే అది వరుసలో ముందు ఉంటుంది, కనుక మీదే పలుకుతుంది. ఏ పైథాన్ పలుకుతున్నదో తెలుసుకోవాలంటే విండోస్‌లో 'వేర్' అనే ఆదేశం, లినక్స్‌లో 'విచ్' అనే ఆదేశం ఉన్నాయి. వాటి పక్కన ప్రోగ్రాము పేరు రాస్తే అది ఉన్న చోటు చెబుతాయి.

అందరి సొత్తులో చెయ్యి పెడితే ఏమవుతుందో లినక్స్ వారికి పైథాన్ బాగా నేర్పింది. చాలా లినక్స్ వ్యవస్థలలో కంప్యూటరు సొంత పనిముట్లు కొన్ని పైథాన్‌తోనే రాసి ఉంటాయి. ఎవరో తన ఆట కోసం నిర్వాహకుడి హక్కుతో ఒక కొత్త గ్రంథాలయాన్ని (ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే సిద్ధసామగ్రిని అలా అంటారు) ఉమ్మడి పైథాన్‌లో ఎక్కిస్తే, దానితో పొసగక యంత్రం పనిముట్లే చెడిపోయేవి. అందుకని 2023లో వచ్చిన డెబియన్ 12లో పైథాన్ సామగ్రి ఎక్కించే 'పిప్' అనే పనిముట్టు, ఉమ్మడి పైథాన్‌లో ఎక్కించమంటే ఒప్పుకోదు. ఒక్కో పనికి ఒక్కో చిన్న గది కట్టుకోమంటుంది. ఆ గదిని 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' అంటారు. పైథాన్‌లో 2012 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఇది సొంత పెట్టె కంటే కూడా చిన్నది. పెట్టెలో విడివిడిగా డబ్బాలు పెట్టుకున్నట్లు. లెక్కల ప్రాజెక్టు సామగ్రి ఆట సామగ్రితో కలవదు.

ఇంతవరకు చెప్పిన దాన్ని బట్టి, తెలియని ప్రోగ్రామును 'నా ఒక్కరికే' అని ఎక్కించుకుంటే భయం లేదనుకుంటున్నారా? ఇక్కడే చాలామంది పెద్దలు కూడా పొరబడతారు. ఆ ప్రోగ్రాము యంత్రాన్ని మార్చలేదు, నిజమే. పక్కవాడి పెట్టె తెరవలేదు, అదీ నిజమే. అయితే మీ పేరుతో నడిచే ప్రోగ్రాముకు మీకున్న హక్కులన్నీ ఉంటాయి. మీ ఫైళ్లను మీరు చెరపగలరు కనుక అదీ చెరపగలదు. 2000 మే నెలలో 'ఐ లవ్ యు' అనే పేరుతో ఈ-మెయిలులో ఒక చిన్న ప్రోగ్రాము దేశదేశాలకు పాకింది. దానికి నిర్వాహకుడి హక్కులు ఏమీ అక్కర లేదు. తెరిచిన మనిషి ఫొటోల వంటి ఫైళ్లను తుడిచి వాటి స్థానంలో తనను రాసుకుంది. ఆ మనిషి చిరునామాల పుస్తకంలో ఉన్నవారందరికీ తనను పంపుకుంది. బోరుబావుల అమ్మాయినే తలచుకోండి. యంత్రం పాడైతే మళ్లీ విండోస్ ఎక్కించుకోవచ్చు, సగం రోజు పని. ఆ ఆరు పేజీలు పోతే? అవి ఏ సీడీలోనూ దొరకవు. అవి ఉన్నది ఆమె పెట్టెలోనే. అందుకే ఆ అమ్మాయి పెన్‌డ్రైవులో ఇంకో ప్రతి పెట్టుకోవడం నాకు నచ్చింది.

ఇప్పుడు మా గదిలో మేం చేసేది ఇది. తరగతిలో అందరికీ పాఠానికి కావలసినవి, అంటే స్క్రాచ్, తెలుగు ఫాంట్లు, బ్రౌజరు మొదలైనవి నేనే నిర్వాహకుడిగా లాగిన్ అయి అందరికీ అని ఎక్కిస్తాను. ఆ తర్వాత మామూలు విద్యార్థి లాగిన్‌లోకి వెళ్లి తెరిచి చూస్తాను. ఈ రెండో పని మరచిపోతే మొదటిది చేసినట్లు కాదు. ఫాంటు అయితే దాని మీద కుడి బొత్తాం నొక్కితే 'ఇన్‌స్టాల్' అని, 'అందరికీ ఇన్‌స్టాల్' అని అర్థమిచ్చే రెండు మాటలు కనిపిస్తాయి. రెండోదే మాకు కావలసింది. ఎవరైనా ఒక్కరు ఏదైనా కొత్తది ప్రయత్నించి చూడాలంటే, నాకు చూపించి తమ లాగిన్‌లోనే పెట్టుకుంటారు. వారం రోజులు వాడి బాగుందంటే, తరగతికి పనికొస్తుందంటే, అప్పుడు పెట్టెలోది తీసేసి ఉమ్మడిగా ఎక్కిస్తాం. పెట్టెలోది తీయకపోతే రెండు ప్రతులు మిగిలి, ఇందాకటి వరుస గొడవ వస్తుంది.

ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటరు అయితే ఏది ఎంచుకున్నా పెద్ద తేడా కనిపించదు. అక్కడ నా మాట ఒక్కటే: రోజూ వాడే లాగిన్ నిర్వాహకుడిది కాకుండా చూసుకోండి. అమ్మానాన్నలతో కలిసి వాడేదైతే బడి పద్ధతే మేలు.

మీ చేతిలోని ఫోను సంగతి వేరు. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్సే. ఫోనును మామూలుగా ఒక్కరే వాడతారు గదా అని, దాన్ని తయారు చేసినవారు ఒక చమత్కారం చేశారు. ప్రతి యాప్‌నూ ఒక ప్రత్యేక వాడుకరిగా లెక్కగట్టి, ఒక్కోదానికి ఒక్కో వాడుకరి సంఖ్య ఇచ్చారు. అంటే హాస్టలులో పిల్లల స్థానంలో యాప్‌లే ఉన్నాయన్నమాట! ఆట యాప్ బ్యాంకు యాప్ పెట్టెలోకి తొంగిచూడలేదు. కొన్ని ఫోన్లలో, టాబ్లెట్లలో ఇద్దరు ముగ్గురు మనుషులకు కూడా వేరు ఖాతాలు పెట్టుకోవచ్చు. అప్పుడు యాప్ డిస్కులో ఒకే ప్రతిగా ఉంటుంది, సమాచారం మాత్రం ఎవరిది వారికి ఉంటుంది. ఒకరు యాప్‌ను కొత్త ప్రతికి మారిస్తే రెండోవారికీ మారుతుంది.

చివరగా ఒక ప్రయోగం. లినక్స్ ఉన్న కంప్యూటరు దొరికితే మీ సొంత ఫోల్డరులో చేయండి. అందరి ఫోల్డర్లలో వద్దు. ఒక చిన్న ఫైలు సృష్టించి అందులో నాలుగు మాటలు రాయండి. 'సిహెచ్‌మోడ్' అనే ఆదేశంతో దాని హక్కులను 444 గా మార్చండి. అంటే యజమాని అయిన మీకు కూడా చదివే హక్కు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అందులో అయిదో మాట చేర్చబోతే అనుమతి లేదంటుంది. ఇక ఆ ఫైలును చెరపండి. చెరిగిపోతుందా, పోదా? ముందు మీ జవాబు కాగితం మీద రాసుకోండి.

చెరిగిపోతుంది! "రాయడానికి వీల్లేని ఫైలు, తీసేయనా?" అని ఒకసారి అడగవచ్చు. అవునంటే తీసేస్తుంది. ఎందుచేతనంటే, ఫైలును చెరపడమంటే ఆ ఫైలులో రాయడం కాదు, అది ఉన్న ఫోల్డరు జాబితాలోంచి దాని పేరు కొట్టివేయడం. ఆ ఫోల్డరు మీది. అందులో రాసే హక్కు, అదే ఆ 2, మీకుంది. ఇప్పుడు ఫైలుకు కాకుండా ఫోల్డరుకు 555 పెట్టి, అదే ప్రయోగం మళ్లీ చేసి చూడండి.